పట్టా మింగిన కోడి

నేను ఒక కోడిపుంజుని. రాగి రేకుతో చేసిన కోడిపుంజుని. నాకు కూత రాదు, కాలు దువ్వను, కూరకు పనికిరాను. గవ్వల్లంక చర్చి శిఖరం మీద, నేలకు తొంభై అడుగుల ఎత్తున, నూట పాతికేళ్లుగా నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లలో నా మీద వాలిన కాకులకు లెక్క లేదు, నా వైపు వేలెత్తి చూపిన మనుషులకూ లెక్క లేదు. నా కడుపులో ఏముందని అడిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఉన్నదేమిటో గట్టిగా చెప్పిన ఒక్క మనిషినీ ఊరంతా కలిసి నవ్వులపాలు చేసింది. ఆ మంట నాకింకా చల్లారలేదు. అందుకే ఈ కథ కాస్త చిరాగ్గానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

నేను పుట్టింది స్వీడన్ అనే చలిదేశంలో. అక్కడ నన్ను చేసిన కంసాలి ఊళ్లో, చర్చి కడితే శిఖరం మీద కోడిని నిలబెట్టడం ఆనవాయితీ. గాలి ఎటునుంచి వస్తే కోడి అటు ముఖం తిప్పి ఊరికి చెబుతుంది. దానితోపాటు ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. కోడిని పైకెక్కించే రోజున దాని కడుపులో ఒక కాగితం పెడతారు. గుడి ఎవరు కట్టారు, ఏ ఏడు కట్టారు, ఎవరికి ఏ మాట ఇచ్చారు, అన్నీ అందులో రాస్తారు. మళ్లీ ఎప్పుడో మరమ్మతుకు కోడిని దించినప్పుడు మనవలు ఆ కాగితం తీసి చదువుకుని, తమదీ ఒకటి రాసి లోపల పెట్టి మూస్తారు. నా కడుపు కింద అరచేయంత మూత ఉంది, దానికి రెండు మరలున్నాయి. ఈ సంగతి మీరైనా గుర్తుపెట్టుకోండి. గవ్వల్లంకవాళ్లు పెట్టుకోలేదు.

నన్ను ఓడెక్కించి తెచ్చినాయన పేరు పలకడం మనవాళ్ల వల్ల కాక లిండు దొర అన్నారు. ఇంకో నాలుగు కుటుంబాలతో వచ్చి గోదావరి పాయ ఒడ్డున కోతమిల్లు పెట్టాడు. భద్రాచలం వైపు నుంచి తెప్పలుగా దిగివచ్చే టేకు దుంగలు కోసి పడవలు కట్టించి అమ్ముకుందామని ఆయన ఆలోచన. కలెక్టరు దొరకు వీళ్లంటే గిట్టదు, ఇంగ్లీషువాళ్లు కారని. ఊరివాళ్లకు ఆ తేడాలతో పని లేదు, తెల్లగా ఉన్న ప్రతివాడూ దొరే. లిండు దొర మాత్రం మిల్లులో కూలీలతో కలిసి రంపం లాగేవాడు, ఎండకు వీపు తోలు ఊడితే కొబ్బరినూనె రాయించుకునేవాడు. మిల్లు లేచిన మూడో ఏట చర్చి మొదలుపెట్టాడు.

చర్చి కట్టింది లిండు దొర అని గుమ్మం పక్కన పాలరాతి మీద చెక్కి ఉంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆయన నక్షా గీశాడు, నిజమే. గానుగ సున్నం తొక్కింది, కోడిగుడ్డు సొన కలిపి మెరుగుపూత పూసింది, ఇటుక తట్టలు మోసింది మిల్లు వెనక గుడిసెల్లో ఉండే ఎనిమిది కుటుంబాలు. వాళ్లలో పెద్ద మేస్త్రి ఈతకోట పేతురు. శిఖరం మీది కడ్డీకి నన్ను తొడిగింది అతనే. తాటి మోకు నడుముకు కట్టుకుని, నన్ను చంటిపిల్లలా వీపున వేసుకుని ఎక్కాడు.

ఎక్కేముందు కింద గుమ్మం దగ్గర చిన్న తతంగం జరిగింది. లిండు దొర తమ ఊరి ఆనవాయితీ అందరికీ చెప్పి, ఊరి కరణం చేత శుభ్రమైన తెలుగులో కాగితం రాయించాడు. ఎనిమిదిమంది పేర్లూ రాయించి వేలిముద్రలు వేయించాడు. గుడి వెనక జాగా, తూర్పున కొబ్బరిమొక్కలు నాటిన మేర, ఈ ఎనిమిది ఇళ్లవాళ్లదీ, వాళ్ల పిల్లల పిల్లలదీ అని రాయించి కింద తన సంతకం పెట్టాడు. వానలు వెలిశాక తాలూకా కచేరీకి వెళ్లి రిజిస్టరు చేయిస్తానన్నాడు. కాగితాన్ని మైనపు గుడ్డలో చుట్టి పేతురు చేతికిచ్చాడు. పేతురు దాన్ని నా కడుపులో దోపి మరలు బిగించాడు.

వానలు వెలవకముందే కలరా వచ్చింది. లిండు దొరా ఆయన భార్యా ఒకే వారంలో పోయారు. మిల్లు మూతపడింది, మిగతా నాలుగు కుటుంబాలూ ఓడెక్కాయి. చర్చి ఇంగ్లీషు పాదిరీల చేతికి పోయింది. పట్టా ఒక్కటే ప్రతి, అది తొంభై అడుగుల ఎత్తున నా కడుపులో ఉంది. అక్కడ మొదలైంది నా కడుపుబ్బరం.

పేతురు మరిచిపోలేదు. కొడుక్కి చెప్పాడు, కొడుకు మనవడికి చెప్పాడు. కానీ కొత్త పాదిరీకి చర్చి సంగతులు ఒక మేస్త్రి చెబితే వినే తీరిక ఎక్కడిది? ఆయన నన్ను చూసి, ఉప్పుగాలికి పాడైపోతుందని తారు పూయించాడు. మంచికే చేశాడు. ఆ మంచే నా కొంప ముంచింది.

ఎందుకంటే ఇది గోదావరి జిల్లా. ఇక్కడ కోడిపుంజుని కోడిపుంజుగా చూడరు. నల్లది కనిపిస్తే కాకి, ఎర్రది కనిపిస్తే డేగ, తెల్లది సేతువ, పసుపు ఈకలుంటే నెమలి. తారు పూసిన ఏడాది నన్ను చూసి ఎవడో కాకి మీద పందెం కాశాడు, గెలిచాడు. అంతే. చర్చి మీద పుంజు ఏ రంగులో ఉంటే ఆ ఏడు బరిలో ఆ రంగుదే గెలుపని ఊరంతా తీర్మానించేసింది. మరుసటి ఏడు డేగలు పెంచేవాళ్లు రాత్రికిరాత్రే నిచ్చెనలు వేసుకుని వచ్చి నన్ను ఎర్రగా మార్చారు. ఆ పై ఏడు సేతువ వాళ్లు. చర్చికి వచ్చే పెద్దలు ఆదివారం ఇది పాపమని గట్టిగా మందలించి, సోమవారం నా రంగు చూసుకుని పుంజుని చంకన పెట్టుకుని బరికి వెళ్లేవారు. నేను ఎటు ముఖం పెడితే అటునుంచే పుంజును వదిలేవారు కూడా.

అలా పొర మీద పొర పడింది. నలుపు, ఎరుపు, తెలుపు, మళ్లీ నలుపు. మూత అంచు పూడిపోయింది. మరల తలలు కనబడకుండా పోయాయి. నేను తిరిగే కడ్డీలోకి కూడా రంగు కారి గడ్డకట్టి, నేను నైరుతికి ముఖం పెట్టి బిగుసుకుపోయాను. నా ఎదుటే పెద్ద తుఫాను ఈశాన్యం నుంచి విరుచుకుపడి ఊళ్లో కప్పులు లేపుకుపోతుంటే, నేను మాత్రం గాలి నైరుతిదని చెబుతూ నిలబడ్డాను. ఆ పూట ఊరంతా నా కింద చర్చిలో తలదాచుకుంది. పిల్లలకు కాస్త చోటిచ్చాననే తృప్తి తప్ప, చేసే పనిలో అబద్ధాలకోరునయ్యానని నేను కుళ్లి కుళ్లి ఏడవని రోజు లేదు.

ఇప్పుడు నిరీక్షణమ్మ సంగతి చెప్పాలి. పేతురుకు ముని మనవరాలు. చర్చికి గంట కొట్టేదీ, గుడి ఊడ్చేదీ ఆవిడే. భర్త చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు, అరవై దాటినా ఒంటరిగానే ఉంటుంది. పొద్దున్నే గంట తాడు లాగాక బయటికి వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి తలెత్తి నన్ను చూస్తుంది. పందెం రంగు కోసం కాకుండా నన్ను చూసే మనిషి ఊళ్లో ఆవిడ ఒక్కతే. గుడి వెనక జాగాలో ఉంటున్న ఎనిమిది ఇళ్లకూ ఆవిడ మాటే మాట.

చర్చికి నూట పాతికేళ్ల పండుగ దగ్గరపడింది. సంఘం కార్యదర్శి యేసురత్నం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నది తప్ప ఇంకేదీ నమ్మడు, అదే ఆయన జబ్బు. చర్చి చరిత్ర రాస్తానని పూనుకుని పాత రిజిస్టర్లన్నీ తిరగేశాడు. చర్చి వెనక జాగా ఎవరికీ ఇచ్చినట్టు ఎక్కడా లేదు. అయితే అక్కడ పెళ్లిళ్ల హాలు కడదామని కమిటీలో పెట్టాడు, కమిటీ ఊఁ అంది. ఎనిమిది ఇళ్లకూ ఖాళీ చేయమని నోటీసు వెళ్లింది.

నిరీక్షణమ్మ చర్చి మెట్ల దగ్గర మాస్టారుని ఆపింది. సరిగ్గా నా కిందే.

"మాస్టారండీ, ఎల్లిపోమంటే ఎక్కడికెల్తామండి? ఆ జాగా లిండు దొర మాకిచ్చేడండి."

"ఇస్తే కాగితం ఉంటుంది కదమ్మా. చూపించు. కాగితం ఉంటే ముందు సంతకం పెట్టేది నేనే."

"ఉందండి. అదిగో, ఆ కోడి కడుపులో ఉంది. మా ముత్తాత సొంత చేతుల్తో పెట్టేడంట."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు, అది ఒప్పుకోవాలి. పక్కనున్న పెయింటరు సత్తిపండుని పిలిచాడు. వీడూ వీడి తండ్రీ ముప్పై అయిదేళ్లుగా నాకు రంగులేస్తున్నారు.

"ఏరా సత్తిపండూ, దానికి మూతలాంటిదేదైనా ఉందా?"

"మూతా లేదు, తలుపూ లేదండి. దాని ఒళ్లంతా నా చేత్తో తడిమినోణ్ని. నున్నగా గుడ్డులాగుంటదండి."

వాడు అబద్ధం చెప్పలేదు. మూత మీద రంగు వేసి కప్పెట్టినవాడే మూత లేదని సాక్ష్యం చెబుతున్నాడని వాడికి మాత్రం ఏం తెలుసు? నాకు నోరుంటే అప్పుడు అరిచేవాణ్ని. నెత్తీ నోరూ కొట్టుకునేవాణ్ని. కనీసం కడ్డీ మీద ఒక్కసారి కిర్రుమని తిరిగినా వాళ్లు తలెత్తేవారు. అదీ చేతకాలేదు. ఆ రోజునుంచీ ఎవరైనా ఏదైనా వస్తువు పోగొట్టుకుంటే "కోడి మింగేసిందేమో, నిరీక్షణమ్మనడుగు" అనడం ఊళ్లో వేళాకోళమైపోయింది.

నోటీసు గడువు నెల రోజులు. ముగ్గురు గడువుకు ముందే ఖాళీ చేసి వెళ్లిపోయారు. గుబ్బల తీతు, నక్కా అంద్రెయ, వాళ్ల పక్కింటి ఫిలేమోను. మాట పడేకంటే పోవడమే నయమన్నారు. వాసాలూ తడకలూ విప్పి బండికెత్తుకుని తూర్పున ఏటిగట్టు మీద పాకలు వేసుకున్నారు. పై నుంచి అంతా చూశాను. విప్పిన ఇంట్లో మిగిలేది మట్టి అరుగూ పొయ్యి మసీ మాత్రమే. నిరీక్షణమ్మ ఆ మూడు అరుగులూ రోజూ ఊడ్చేది. ఎందుకు ఊడుస్తున్నావని మిగతావాళ్లు అడిగితే, వాళ్లొచ్చేసరికి ముళ్లు మొలవకూడదు కదా అనేది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చేవి, రెంటినీ లోపలే మింగేవాణ్ని.

గడువు దాటినా మిగతా అయిదు ఇళ్లవాళ్లూ కదలలేదు, పండుగ అయ్యాక చూద్దామని కమిటీ ఊరుకుంది. నన్ను దించింది రెండు నెలల తర్వాత. పట్టా కోసం కాదు, బంగారు రంగు వేయడానికి. పండుగ రోజు పుంజు ధగధగ మెరవాలని కమిటీ అనుకుంది. పరంజా కట్టి, కడ్డీ నుంచి నన్ను పీకి కిందికి దించడానికి ఒక పూట పట్టింది. తల ప్రాణం తోకకు వచ్చింది నాకు. నూట పాతికేళ్ల తర్వాత నేల మీద కాళ్లు పెట్టాను. పాత రంగు గీకే పని బిందెలకు మాట్లు వేసే బుడే సాహెబుకు అప్పగించారు.

ఆయన చర్చి వసారాలో గోనె పరిచి నన్ను పడుకోబెట్టి మంట దీపం వెలిగించాడు. వేడి తగిలితే రంగు పొంగి ఊడొస్తుంది. ఆ మంటకు కడుపులో కాగితం మిగులుతుందా? ఇన్నేళ్లు మోసింది ఈ ఒక్క క్షణంలో బూడిదవుతుందా?

నిరీక్షణమ్మ మెట్లు కడుగుతోంది. చేతిలో చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"సాయిబూ, నిప్పెట్టమాక. దాని కడుపులో కాగితం ఉంది."

బుడే సాహెబు ఆ వేళాకోళం వినని మనిషి కాదు. కానీ మనిషి మాట కంటే రేకు మాటను నమ్మే పనివాడు. దీపం పక్కన పెట్టి, వేలి కణుపుతో నన్ను మెడ నుంచి తోక దాకా కొట్టుకుంటూ వచ్చాడు. కడుపు దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

"ఇక్కడ మోత వేరేగా ఉందమ్మా. రేకు మీద రేకుంది."

మంట దీపం ఆర్పేసి చిన్న ఉలి తీశాడు. ఒక్కో పొరా గీకాడు. ఎరుపు ఊడింది, కింద పసుపు. పసుపు ఊడింది, కింద నలుపు. ఏ ఏటి పందెం ఏ రంగుదో చూస్తూ చుట్టూ చేరిన జనం చెప్పుకుంటున్నారు, ఇది మా నాన్న గెలిచిన డేగ అనీ, ఇది మా బాబాయి ఓడిన సేతువ అనీ. సత్తిపండు కూడా వచ్చి నిలబడ్డాడు. అన్నిటికన్నా కింద తారు, తారు కింద రాగి, రాగిలో గుండ్రంగా ఒక గీత. ఆ గీత కనబడగానే సత్తిపండు తల దించుకున్నాడు. నాకు వాడి మీద కోపం పోయింది. ఎందుకు పోయిందో నాకే తెలియదు.

మరలు రెండూ కదలడానికి బుడే సాహెబు కిరసనాయిలు పోసి అరగంట కూర్చున్నాడు. మూత ఊడింది. మైనపు గుడ్డ చుట్ట అలాగే ఉంది, కొత్తగా చుట్టినట్టు పొడిగా. నేను నూటొక్క తిట్లు తిట్టుకున్న ఆ రంగు పొరలే ఒక్క చుక్క వాననీ, ఒక్క చీమనీ లోపలికి రానివ్వలేదు. ఇన్నేళ్ల నా తిట్లు ఎవరికి చెందుతాయో ఇప్పుడు నేనే తేల్చుకోవాలి. అది చాలా అవమానంగా ఉంది.

నిరీక్షణమ్మ చుట్టను ముట్టుకోలేదు. "మాస్టారుని పిలవండి. ఆయనే తీయాలి" అంది.

యేసురత్నం మాస్టారు వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని, గుడ్డ విప్పి, నిలబడే చదివాడు. ఏడాదీ, జాగా హద్దులూ, లిండు దొర మాటా గట్టిగానే చదివాడు. ఆ తర్వాత పేర్లు వచ్చాయి. ముప్పై అయిదేళ్లు బడిలో హాజరు పిలిచిన మనిషి, ఆ గొంతే వచ్చేసింది.

"ఈతకోట పేతురు."

"ఉన్నాడండి" అంది నిరీక్షణమ్మ. చీపురు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని నిటారుగా నిలబడింది.

"దొండపాటి రాహేలు."

"ఉందండి."

"యల్లమిల్లి యోబు."

"ఉన్నాడండి."

"గుబ్బల తీతు."

తీతు అంటే ఆ పాత తీతు. ఆ ఇళ్లల్లో తాతల పేరే మనవలకు పెట్టుకుంటారు.

"ఏటిగట్టు మీద ఉన్నాడండి."

మాస్టారు తలెత్తలేదు. "నక్కా అంద్రెయ" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఏటిగట్టు మీదేనండి."

తర్వాత పేరు ఆయన నోట రాలేదు. నిరీక్షణమ్మే అందించింది. "ఫిలేమోను కూడా గట్టుమీదేనండి. మిగతా ఇద్దరూ ఉన్నారు. మీరు చదవండి, నేను పలుకుతాను." మాస్టారు మెట్ల మీద కూర్చుండిపోయాడు. కమిటీ పుస్తకం తెప్పించి అక్కడే నోటీసు కొట్టివేస్తున్నట్టు రాసి మొదటి సంతకం తనే పెట్టాడు. ఇది కోర్టులో నిలబడుతుందా అని కమిటీలో కోడిగుడ్డు మీద ఈకలు పీకే ఒకాయన గొణిగాడు. "నాకు నిలబడింది" అన్నాడు మాస్టారు.

ఆ సాయంత్రమే మాస్టారు ఏటిగట్టుకు నడిచి వెళ్లాడు. అంద్రెయ, ఫిలేమోను తిరిగి వచ్చారు. ఊడ్చి ఉన్న అరుగుల మీదే వాసాలు పాతుకున్నారు. తీతు రాలేదు. రెండుసార్లు ఇల్లు కట్టే ఓపిక లేదన్నాడు. నిజం చెప్పాలంటే, రెండు నెలల ముందు నన్ను దించి ఉంటే అతనికి ఆ ఓపికతో పని ఉండేది కాదు. ఈ ఒక్క ముక్క మాత్రం నేను ఎప్పటికీ అరిగించుకోలేను.

పండుగ జరిగింది. చరిత్ర పుస్తకం అప్పటికే అచ్చయిపోయింది, చర్చి కట్టింది లిండు దొర ఒక్కడే అని. మాస్టారు అయిదు వందల ప్రతుల్లోనూ ఎనిమిది పేర్ల చీటీ తన చేత్తో అంటించాడు. పాలరాయి మాత్రం అలాగే ఉంది. దాని పక్కన ఇంకో రాయి వేయించాలా, ఉన్న రాయినే మార్చాలా అని కమిటీ ఇప్పటికీ కొట్టుకుంటోంది. చూస్తూ ఉన్నాను.

నన్ను మళ్లీ పైకెక్కించే రోజున పాత కాగితంతో పాటు కొత్తది ఒకటి రాశారు. ఎనిమిది ఇళ్లవాళ్ల పేర్లూ, తీతు పేరుతో సహా. బుడే సాహెబు పేరు కూడా నిరీక్షణమ్మ రాయించింది. నా కడుపులో పెట్టేముందు ఆవిడ మాస్టారుకు అడ్డం వచ్చింది.

"ఒకటి దీని కడుపులో, ఒకటి నా పెట్టెలో, ఒకటి మీ బీరువాలో ఉండాలండి. ఒక్క కోడినే నమ్ముకుని నూట పాతికేళ్లు కూకున్నాం, చాలు."

నాకు కాస్త కష్టం కలిగింది, కానీ ఆవిడ అన్నది న్యాయమే.

బుడే సాహెబు కడ్డీకి నూనె పోయడంతో ఇప్పుడు తిరుగుతున్నాను. పందేలవాళ్లకు అది నచ్చలేదు. గంటకొకసారి ముఖం తిప్పే పుంజుని చూసి పుంజునెటు వదలాలని గొడవ పెట్టుకున్నారు. తిప్పలు వాళ్లవి. ఎక్కించేటప్పుడు మోకులు రాసుకుని రంగు పోతుందని, నన్ను నిలబెట్టాకే రంగు వేయడానికి సత్తిపండు పైకెక్కాడు, బంగారు రంగు డబ్బా పట్టుకుని. కింద నుంచి నిరీక్షణమ్మ కేక వేసింది.

"కడుపు దగ్గరెయ్యమాక. అరచేయంత మేర వదిలెయ్."

వాడు వదిలేశాడు. రంగు అంటకుండా తన జేబురుమాలు అడ్డం పెట్టి మరీ వదిలేశాడు. ఇప్పుడు పొద్దున్నే గంట కొట్టి బయటికి వచ్చి ఆవిడ తలెత్తి చూసేసరికి, ఒళ్లంతా బంగారంగా ఉన్న నాలో ఆ ఒక్క చోట వట్టి రాగి కనబడుతుంది. ఏటిగట్టు మీద నుంచి చూసినా కనబడుతుందని అంద్రెయ చెప్పాడు. గాలి తూర్పునుంచి వచ్చినప్పుడు నేను అటు తిరిగి, ఆ ముక్కను తీతు పాక వైపు పెట్టి నిలబడుతున్నాను.